పాదం మీద చెయ్యి

ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ స్కానింగ్ గొట్టంలోకి భుజాల దాకా వెళ్ళగానే చేతిలోని రబ్బరు బంతి నొక్కేశాను. నొక్కితే బయటికి లాగుతారు. ఈసారీ నొక్కితే ఏమవుతుందో డాక్టరు గారు నిన్ననే చెప్పారు.

"ఫొటో లేకుండా నేను కత్తి పట్టనమ్మా. కంటి వెనక గడ్డ మన కోసం ఆగదు. ఇంకో వారం పోతే ఆ కన్ను మీద ఆశ వదులుకోవాలి."

నేను బైండింగ్ షాపులో పేజీలు మడతపెట్టి కుడతాను. కన్ను పోతే పని పోయినట్టే. అయినా గొట్టం తలుచుకుంటే కన్ను సంగతి కూడా గుర్తురాదు. ఏడేళ్ళప్పుడు దాగుడుమూతలాడుతూ ధాన్యం పెట్టెలో దాక్కున్నాను. మూత పడిపోయింది. అరిచిన అరుపు నా మొహానికే తిరిగి కొట్టింది.

అమ్మకు చెప్పలేదు. చెబితే నాకంటే ముందు ఆమె మంచం పడుతుంది. చర్చిలోనూ ఎవరికీ చెప్పలేదు. ఏడాదిగా చివరి బెంచీ మీద కూర్చుని, ఆఖరి పాట అవకముందే లేచి వచ్చేస్తున్నాను. కానీ మొన్న ఆదివారం, అక్షరాలు రెండేసిగా కనిపించి, పాటల పుస్తకంలో ఒకే వరుస రెండుసార్లు పాడాను. పక్కనున్న సూదులత్త చూసింది. ఆవిడ బట్టలు కుడుతుంది. మెడ పట్టీ నిండా ఎప్పుడూ సూదులుంటాయని అందరూ అలాగే పిలుస్తారు. బయటికి రాగానే నా మణికట్టు పట్టుకుని అంతా రాబట్టింది.

ఇప్పుడు స్కానింగ్ గది ముందు ఆవిడే నా పక్కన.

"తోడు ఒకరు లోపలుండొచ్చు. పాదం పట్టుకోవచ్చు," అన్నాడు స్కాన్ తీసే అతను. "ఒంటి మీద ఇనుము ఉండకూడదు. లోపల పెద్ద అయస్కాంతం ఉంది."

"అన్నీ ఇంట్లోనే తీసేసి వచ్చా నాయనా."

అతను ఇనుమును పసిగట్టే కర్ర ఆవిడ చుట్టూ తిప్పాడు. కుయ్‌మంది. మెడ పట్టీలో రెండు సూదులు. మళ్ళీ కుయ్‌. జాకెట్టు చేతి మడతలో ఒకటి. ఇంకోసారి కుయ్‌. జుట్టుముడిలో దారంతో సహా ఒకటి.

"అమ్మా, మీరు మనిషా, సూదుల డబ్బానా?"

"ముప్ఫై ఏళ్ళ అలవాటు. చెయ్యి దానంతటదే గుచ్చేస్తుంది."

నాకు నవ్వు రాలేదు. ఒక్క సూది మిగిలినా నా మొహం మీదికే ఎగిరొస్తుందనిపించింది. చివరికి ఆవిడ కూడా ఆస్పత్రి గౌను తొడుక్కుంది. "ఛీ, కుట్టు వంకర," అని దాని అంచు చూసి గొణిగింది.

తలకు బోను బిగించారు. బల్ల లోపలికి జారింది. కప్పు ముక్కుకు బెత్తెడు దూరంలో ఆగింది. రేకుల మీద సుత్తితో బాదినట్టు మోత మొదలైంది. బంతి చుట్టూ నా వేళ్ళు బిగుసుకున్నాయి. ప్రభువా, ఉన్నావా అని అడిగాను. మోత తప్ప ఏమీ లేదు.

ఎడమ పాదం మీద చెయ్యి పడింది. సన్నటి వేళ్ళు, చూపుడువేలి కొసన సూదిపోట్ల గరుకు. ఆ గరుకునే పట్టుకుని ఊపిరి తీశాను.

ఎంతసేపైందో తెలీదు. ఆ చెయ్యి వణకడం మొదలైంది. వంగి నిలబడలేకపోతోంది కాబోలు. ఆ చెయ్యి పోతే నేను నొక్కేస్తాను, నాకు తెలుసు. వెళ్ళకత్తా అనబోయాను, కానీ కదలకూడదు. పట్టు సడలింది. నా బొటనవేలు బంతిలోకి సగం దిగింది.

మోత ఆగింది. ఎక్కడో తలుపు చప్పుడు. అప్పుడు ఇంకో చెయ్యి వచ్చింది. వెడల్పుగా, పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చినట్టు వెచ్చగా, మొదటి చెయ్యి పక్కనే పడింది. కాసేపు రెండూ ఉన్నాయి. ఆ తర్వాతే మొదటిది తప్పుకుంది. మోత మళ్ళీ మొదలైంది. నేను బొటనవేలు వదులు చేశాను.

బయటికి లాగాక చూస్తే పాదం దగ్గర బేకరీలో పనిచేసే అక్క. చర్చిలో ముందు బెంచీ మనిషి. ఎన్నడూ మాట్లాడలేదు. చెవి వెనక ఇంకా పిండి ఉంది.

"నీ పేరు కూడా తెలీదు చెల్లీ. అత్తకి నడుం పట్టేస్తుందని వచ్చా."

వరండాలో సూదులత్త నడుం పట్టుకుని కూర్చుంది. ఆవిడ పక్కన గౌన్లు తొడుక్కుని, కమ్మలు చేతిరుమాలులో మూటకట్టుకుని, చర్చివాళ్ళే ఇంకో ఇద్దరు.

"మీరెందుకు?" అన్నాను.

"స్కాన్ నలభై నిమిషాలంటే గంటవుతుందేమోనని," అంది అత్త. "మన దగ్గర అంతేనే. వచ్చేవాళ్ళు రాకుండా ఉన్నవాళ్ళు లేవరు."

ఫొటో పూర్తిగా వచ్చిందని అతను చెప్పాడు. అందులో ఏముందో ఎల్లుండి తెలుస్తుంది. గొట్టంలో ప్రభువును ఉన్నావా అని అడిగినప్పుడు నేను కప్పు వైపు చూశాను. ఆయన కాళ్ళ దగ్గరున్నాడు.

"ఎల్లుండి ఎన్నింటికే?" అంది అత్త. చెప్పాను. "నాయనా, నా సూదులు నాలుగు ఇటివ్వు," అని లోపలికి కేకేసింది.