పట్టుకోని ప్రోటీన్

మనిషి ఒంట్లో చెత్త ఏరే కణాలు కొన్ని ఉంటాయి. పాడైన కొవ్వు కనబడితే పట్టుకొని లోపలికి లాక్కుంటాయి. అలా పట్టుకొనేందుకు వాటి పైన ఉండే ప్రోటీన్‌ను స్కావెంజర్ రిసెప్టర్ అంటారు. హోసూరులో ఒక చిన్న కంపెనీ, మనిషి జన్యువును ల్యాబులో పెంచే కణాల్లోకి ఎక్కించి ఆ ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. చిటికెన వేలంత సీసాల్లో పోసి పరిశోధకులకు పంపుతుంది. ఆ ప్రోటీన్‌ను శుద్ధి చేసే పని పరిమళది. జవళగిరిలో కూలి పని చేసే గుర్రప్ప కూతురు. ఆరేళ్లలో ఆమె చేతి మీద ఒక్క ఫిర్యాదు రాలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం, కొత్త బ్యాచ్ సీసాలన్నీ మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టి, జవళగిరి బస్సు తప్పిపోతుందని పరుగెత్తింది. సోమవారం పొద్దున అందరికంటే ముందు వచ్చి చూస్తే ఫ్రీజర్ తలుపు గొళ్లెం పడలేదు. కింద నీళ్లు. లోపల సీసాలన్నీ కరిగిపోయి ఉన్నాయి.

పరిమళ తలుపు మూసి, నీళ్లు తుడిచింది. ఒక సీసా తీసి, ప్రోటీన్ సైజు చూపే జెల్ పరీక్ష చేసింది. ప్రోటీన్ ముక్కలు కాలేదు, సైజు సరిగానే ఉంది. కానీ అది కొవ్వును ఇంకా పట్టుకొంటుందా లేదా అన్నది జెల్ చెప్పదు. దానికి వేరే పరీక్ష ఉంది. రెండు రోజులు పడుతుంది. మళ్లీ ఎందుకు చేస్తున్నావని యజమాని జనార్ధనరావు అడుగుతాడు. సైజు బాగుంది కదా అని తనకు తాను చెప్పుకొని, సీసాలను మళ్లీ గడ్డ కట్టించింది.

ఆ బ్యాచ్‌లో మూడు సీసాలు కృష్ణగిరిలో ఒక కాలేజీకి పోయినాయి. తెప్పించుకొన్నది అమృత అనే పరిశోధక విద్యార్థిని. నెల తిరగకముందే ఫోన్ చేసింది.

"మేడమ్, మీ ప్రోటీన్ కొవ్వును పట్టుకోవడమే లేదు. బ్యాచ్‌లో ఏమన్నా తేడా ఉందా?"

పరిమళ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఈడ మా పరీక్షల్లో బాగానే ఉందమ్మా. మీరు కరిగించేటప్పుడు గట్టిగా కదిలించినారేమో చూసుకోండి."

"అట్లనా? అయితే నా చెయ్యే సరిగా లేదేమో. ఇంకోసారి చేస్తాను. థ్యాంక్స్ మేడమ్."

జూన్‌లో అమృత ఇంకో రెండు సీసాలు కావాలని రాసింది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. అదే బ్యాచ్ తీసి, ఐసు సర్ది, తన చేత్తోనే పెట్టెకు టేపు వేసింది.

నవంబరులో పాత నిల్వలన్నిటికీ మళ్లీ పరీక్షలు పెట్టినారు. పరీక్ష చేసిన తోటి ఉద్యోగి మాదేశ్ కాగితం పట్టుకొని వచ్చినాడు.

"ఇదేందక్కా, ఈ బ్యాచ్ అసలు ఏమీ పట్టుకోలేదే!"

పరిమళ ఆ కాగితం తీసుకొని నేరుగా జనార్ధనరావు గదిలోకి పోయి జరిగిందంతా చెప్పింది.

"తలుపు ఎవరైనా మరిచిపోతారమ్మా," అన్నాడు ఆయన. "తొమ్మిది నెలలు ఎలా ఊరుకున్నావు?"

ఆ బ్యాచ్ కొన్నవాళ్లందరికీ తప్పు ఒప్పుకొంటూ ఉత్తరాలు పోయినాయి. అమృత పరిశోధనకు గైడుగా ఉన్న ప్రొఫెసర్‌కూ ఒకటి పోయింది. అమృతకు పంపింది తిరిగొచ్చింది. ఆమె ఇప్పుడు ఆ కాలేజీలో లేదు. ఎక్కడుందో కనుక్కొని, పరిమళ తానే కృష్ణగిరికి బస్సెక్కింది.

రౌండానా కూడలి దగ్గర ఒక రక్తపరీక్షల సెంటర్‌లో, ఒక ముసలామె చేతికి దూది అద్దుతూ కనిపించింది అమృత. పరిమళ పేరు చెప్పగానే గుర్తుపట్టి నవ్వింది. విషయం వినేకొద్దీ ఆ నవ్వు పోయింది.

"నేను ఫోన్ చేసిన పొద్దు మీకు తెలుసునా?"

"తెలుసు."

అమృత చేతి తొడుగులు మెల్లగా తీసింది. "ఏడు నెలలు చేసినాను మేడమ్. రోజూ నా చేతుల్నే తిట్టుకొంటిని. నీకు చేతకాదని గైడు అందరి ముందర అనె. నేనూ నిజమే అనుకొంటిని. ఆ పని ఇంకొకరికి ఇచ్చేసినారు."

"మీ గైడుతో నేను మాట్లాడతాను. మళ్లీ చేర్చుకోమని అడుగుతాను."

"అడగొద్దండి. ఆడ సీటు లేదు." తొడుగులు బుట్టలో వేసి, "తలుపు మాట నేను పట్టించుకోను. తెలీదమ్మా, చూసి చెప్తాను అని ఒక్క మాట అనుంటే చాలు. నేను అడిగినాను కదా," అంది.

కళ్లు తుడుచుకోవడానికి కూడా పరిమళకు హక్కు లేదనిపించింది.

"ఆ ఉత్తరం ఒకటి నాకివ్వండి. మా నాయనకు చూపించాల," అంది అమృత. ఇచ్చిన కాగితాన్ని నిలబడే చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివి, మడిచి బ్యాగులో పెట్టుకొంది. బయట ఎవరో పిలిస్తే కొత్త తొడుగులు వేసుకొని పోయింది. క్షమించినానని అనలేదు. పరిమళ అడగనూ లేదు.

జనార్ధనరావు ఆమెను పనిలోంచి తీసెయ్యలేదు. సీసాలతో పంపే నాణ్యత సర్టిఫికెట్ల మీద సంతకం మాత్రం మాదేశ్‌కు అప్పగించినాడు. పది రోజులకు ఆ గైడు నుంచి ఉత్తరానికి మెయిల్‌లో జవాబు వచ్చింది. సమాచారానికి ధన్యవాదాలు, కొత్త సీసాలు త్వరగా పంపండి అని. అమృత పేరు అందులో యాడా లేదు. పరిమళ కింద దాకా జరిపి చూసి, మళ్లీ పైనుంచి వెతికింది.