తగాదా గొట్టం

ల్యాబులో అందరూ ‘అక్క’ అని పిలిచే ఆవిడది ఒట్టి చాదస్తమని పేరు. ఆపరేషన్ గది నుంచి కడుపు కడిగిన నీళ్ళు రాగానే రెండు గొట్టాల్లోకి పోస్తుంది. ఒకటి పరీక్షకి. రెండోది మూత బిగించి పక్కగది ఫ్రిజ్‌లోకి. దాన్ని ‘తగాదా గొట్టం’ అంటుంది. ఎవరైనా తగాదాకొస్తే తీయడానికట. పదకొండేళ్ళలో ఎవరూ రాలేదు, అది వేరే సంగతి.

ఆ మంగళవారం సాక్షాత్తూ పెద్ద డాక్టరుగారే వచ్చారు.

బట్టలు కుట్టే ఆవిడకి జీర్ణాశయంలో క్యాన్సర్ గడ్డ తీశారు. కడుపంతా పాకిందేమోనని సెలైన్‌తో కడిగి ఆ నీళ్ళు పంపారు. మైక్రోస్కోపులో ఒక్క చెడ్డ కణమూ కనపడలేదు. ఇక మందులక్కర్లేదు, ఇంటికెళ్ళొచ్చని ఆవిడకి చెప్పేశారు కూడా. తీరా చూస్తే అక్క చేసిన జన్యు పరీక్షలో క్యాన్సర్ జాడ బయటపడింది.

“పొద్దున ఇంకో పేషంటుది కూడా చేశావు కదమ్మా. అది ఇందులో కలిసుంటుంది.”

“కలవలేదు సార్.”

“అంత గట్టిగా ఎలా చెప్తావు?”

“చెప్పను సార్, చూపిస్తాను. అదీ నా చేత్తో కాదు.”

రెండో గొట్టం జూనియర్ పిల్ల చేతికిచ్చి, పక్కగదిలో పరీక్షంతా మొదటినుంచీ చేయించింది. ఆ నాలుగు గంటలూ అక్క ప్రాణం ప్రాణంలో లేదు. తనది తప్పైతే ఆ ఇల్లాలు ఉత్తిపుణ్యానికి ఘాటు మందులు మింగాలి. ఒప్పై నోరుమూసుకుంటే, రోగం లోలోపల పెరుగుతుంది.

పోలిక కోసం పెట్టిన మామూలు నీళ్ళ గీత మెషీను తెరమీద చదునుగా పడుకుంది. తగాదా గొట్టం గీత మాత్రం పొద్దుటిలాగే, క్యాన్సర్ జాడ ఉందంటూ అదే చోట పైకి లేచింది. డాక్టరుగారు పొద్దుటి గీతనీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూశారు.

“పైకి రామ్మా,” అన్నారు చివరికి.

వార్డులో ఆవిడ సంచీ సర్దుకుంటోంది. డాక్టరుగారు ఎదురుగా కూర్చున్నారు.

“ఇంటికెళ్ళొచ్చన్నాను, పొరపాటమ్మా. రోగం లోపల కొంచెం మిగిలింది. మందు మొదలుపెడదాం. కనిపెట్టింది నేను కాదు, ఈవిడ.”

ఆవిడ మొహం పాలిపోయింది. అక్కని ఎగాదిగా చూసింది.

“కంటికి కనపడందాన్ని ఎలా పట్టుకున్నారండీ?”

“మీ నీళ్ళలో దాని జన్యువు పేరు పెట్టి పిలిచి చూశానండీ, పలికింది.”

ఆవిడ సంచీలోని బట్టలు ఒక్కొక్కటే బయటపెట్టింది. “మీ కోటు భుజాలు జారుతున్నాయి. ఓపికొచ్చాక నేనే సరిచేసి పెడతాను.”

ఇన్నేళ్ళూ అక్క చూసింది నీళ్ళనే, మనిషిని చూడటం ఇదే మొదలు. గర్వంగా కోటు విప్పి ఆవిడ చేతిలో పెట్టింది.