రొట్టెకు చెప్పిన మాట

నంద్యాల బేకరీల్లో పిండి పిసికేటప్పుడు ఎవరూ నోరు మెదపరు. పిసికేవాడు ఏమంటే తినేవాళ్ళకు అది తగులుకుంటాది మరి. ఒకసారి గురుస్వామి బేకరీలో ఒకడు ఆవులిస్తా "నిద్దరొస్తాంది రా నాయనా" అన్నాడు. ఆ బన్నులు తిన్న ఆఫీసు గుమాస్తాలంతా పొద్దు గుంకేదాకా బల్లల మీద తలకాయలు పెట్టి గురకలు తీసినారు. అప్పటినుంచి పిండిబల్ల కాడ మాట్లాడితే పని పీకేస్తానన్నాడు గురుస్వామి.

ఆ బల్ల కాడ ఏండ్ల తరబడి నోరు మూసుకొని పనిచేసినోడు కృపావతి మొగుడు జ్ఞానప్రకాశం. ఆళ్ళగడ్డ నుంచి మొదటి బస్సుకు పోయి కడాకరి బస్సుకు వచ్చేవాడు. పోయిన క్రిస్మస్ కేకుల గిరాకీలో బట్టీలోనే కాలిపోయినాడు. "తాగి పడినాడు, నేనేం జేసేది?" అని గురుస్వామి పోలీసులకు చెప్పినాడు, చర్చి పెద్దలకు చెప్పినాడు, అడగనోళ్ళకు కూడా చెప్పినాడు. కల్లు వాసనకే కక్కుకునే మనిషిని పట్టుకొని ఆ మాట! పెద్దలు అది నమ్మి, శవాన్ని సమాధుల గోడ అవతల కంపచెట్లలో పూడ్పించినారు. బడిలో పిల్లోళ్ళు "తాగుబోతు బిడ్డ" అంటాంటే కూతురు అరుణ బడికి పోనని మొండికేసింది.

జరిగింది వేరే. బట్టీ లోపల ఇటుకలు ఊడినాయి. బట్టీ ఆరేదాకా ఆగితే గిరాకీ పోతాదని, వాటిని సర్దనీకి గురుస్వామి అతన్ని లోపలికి దూరమన్నాడు. తోటి పనోడొకడు కృపావతి చెవిలో ఈ మాట వేసి, సాక్ష్యం చెప్పమంటారేమోనని ఊరే విడిచి పారిపోయినాడు. ఇంక గురుస్వామి నోటినుంచే అది రావాల. కృపావతి పిండికి మాట చెప్పి పిసికి, రొట్టె ఎన్నిసార్లు తీసుకపోయిందో! ఆమె చేతిది అనంగానే వాడు ఆమడ దూరం జరిగేవాడు.

అట్లాంటప్పుడు చెల్లెలు ప్రేమకుమారి కువైట్ నుంచి సెలవుకు వచ్చి, అట్టపెట్టెలోంచి తెల్లటి డబ్బా ఒకటి తీసింది.

"రొట్టెల మిషనక్కా. మా మేడం కొత్తది కొనుక్కొని నాకిచ్చింది. అన్నీ పోసి మూత పెడితే చాలు, అదే పిసికి అదే కాలుస్తాది."

"చెయ్యి పెట్టే పనే లేదా?"

"గోరు గూడా తగలదు."

కృపావతి కండ్లు మెరిసినాయి.

పుస్తకమంతా అరబ్బీ. ప్రేమకుమారి గుర్తున్నకాడికి చెప్తాంటే కృపావతి నీళ్ళు, నూనె, ఉప్పు, చక్కెర, మైదా, ఆఖరుకు ఈస్టు పోసింది. మీట నొక్కితే డబ్బా గుర్రుమని అరుగు మీద నడవబట్టింది. ఈనే బర్రెను పట్టుకున్నట్టు అరుణ రెండు చేతులా దాన్ని పట్టుకొనింది. అడుగున రెక్క తిరుగుతాంటే పిండి ముద్ద కట్టి దొర్లుతాంది. కృపావతి మూతెత్తి వంగింది.

"మిషన్‌కు చెవులుంటాయా అక్కా?"

"పిండికి ఉంటాయి గదా."

వంగేసరికి 'కాలిపో' అనాలనిపించింది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. కాలిపోతే ఏముంది, నాలుగు దినాలు ఏడ్చి దండేసి దేవుణ్ణి చేస్తారు దొంగనాబట్టను! ఆమె పండ్లు కొరుక్కుంటా పిండితో అనింది: "వాడు బతకాల. నూరేండ్లు బతకాల. ఎవరేమడిగినా బట్టీ కాడ జరిగిందే వాని నోట రావాల. ఇంకో మాట రాగూడదు."

రొట్టె పొంగింది. మొదటిసారి గదా, ఒక పక్కకు వాలింది, పైన కాస్త మాడింది. అడుగున ఇరుక్కున్న రెక్కను పీకితే బొక్క పడింది. కృపావతి దాన్ని తువ్వాలలో చుట్టుకొని నంద్యాల బస్సెక్కింది.

"మల్లా వచ్చినావా? నీ చేత్తో పిసికింది నేను తిననమ్మా" అన్నాడు గురుస్వామి గల్లా మీద నుంచే.

"నా చెయ్యి పడలేదప్పా. కువైట్ మిషన్ పిసికింది. సూడు, రెక్క బొక్క. ఆ మిషన్ను నీకు అమ్ముదామని వచ్చినా. నువ్వొద్దంటే ఎదురు బేకరీవాళ్ళకిస్తా."

ఎదురు బేకరీ పేరెత్తితే గురుస్వామికి నిలువునా మండుతాది. తిరగేసి చూసినాడు, బొక్కలో వేలు పెట్టినాడు, వాసన చూసినాడు. చెయ్యి తగలంది మాట యాడ మోస్తాదిలే అనుకున్నాడు. తుంచి నోట్లో వేసుకున్నాడు. ఉప్పు తక్కువైందని చెప్పబోయే లోపల ఒక ముసలాయన వచ్చి, "రస్కులు తాజాయేనాప్పా?" అన్నాడు.

"బట్టీ ఆరకముందే లోపలికి దూరమన్నది నేనే. జ్ఞానప్రకాశం చుక్క తాగలే" అన్నాడు గురుస్వామి.

ముసలాయన రస్కులు కొనకుండానే పోయినాడు. కృపావతి తువ్వాల దులుపుకొని బస్టాండు దోవ పట్టింది.

ఆ పొద్దు నుంచి గురుస్వామికి వేరే మాట లేదు. అన్నం పెట్టేదా అని పెండ్లాం అడిగినా అదే. జ్వరమా అని డాక్టరు అడిగినా అదే. ఆదివారం చర్చి విడిచే యాళకు ఆళ్ళగడ్డకు వచ్చి, అందరి ముందర కృపావతి కాళ్ళ మీద పడినాడు.

"ఏం కావాలప్పా?" అనింది ఆమె.

వాని కండ్లనిండా నీళ్ళు. తప్పయిందనాలని, విడిపించమనాలని పెదవులు అదురుతాండాయి. "బట్టీ ఆరకముందే లోపలికి దూరమన్నది నేనే. జ్ఞానప్రకాశం చుక్క తాగలే."

పెద్దలు తలలు దించుకున్నారు. "గోడ ఇవతలికి తెచ్చుకుందాంలేమ్మా ఆయప్పను" అన్నాడొకాయన.

అరుణ ముందుకొచ్చింది. "మా నాయన తాగినాడా?"

చెప్పినాడు. ఆ పిల్ల ఏడ్చింది.

కృపావతి బిడ్డను దగ్గరికి తీసుకొని, కాళ్ళకాడ ఉన్నోని వైపు చూసింది.

"రేపు బడి గంట కొట్టే యాళకు రాప్పా. ఆడ గూడా చెప్పాల."