మూత మీద పసుపు

నేను ఒక ఐస్ పెట్టెను. నీలం ఒళ్లు, తెల్ల మూత, భుజానికి తగిలించుకునే పట్టీ. ఎక్కడో చలిదేశపు ఫ్యాక్టరీలో పుట్టాను. టీకాలు మోసే ఉద్యోగమని చెప్పి ఓడ ఎక్కించారు. కొల్లేటి ఒడ్డున ఈ ఊరి పశువుల ఆసుపత్రిలో దించాక తెలిసింది, నేను మోయాల్సింది చావునని.

ఏటా చలికాలం దూరదేశాల నుంచి గూడబాతులు వచ్చి ఈ ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని పక్షులనరు, పురిటికొచ్చిన ఆడపడుచులంటారు. పెళ్లి ఊరేగింపు కూడా ఆ చెట్ల కిందికి రాగానే బాజాలు ఆపేస్తుంది. పక్షి చచ్చిపోతే ఆడవాళ్లు పసుపునీళ్లు పోసి, బొట్టు పెట్టి, "వెళ్లిరా తల్లీ" అని పూడ్చిపెడతారు. పొరపాటున కూడా "పో" అనరు.

ఒక ఏడాది గూడబాతులు చెట్ల మీంచి చచ్చి రాలిపడ్డాయి. మహాలక్ష్మమ్మ, నిండు నెలలతో పుట్టింటికొచ్చిన ఆమె కూతురు సుభాషిణి, ఒక్కోదాన్నీ ఒళ్లో పెట్టుకుని స్నానం చేయించారు.

పరీక్షకు ఒక పక్షిని పంపుదామని పశువుల డాక్టరు ప్రకాశరావు నన్ను భుజాన వేసుకుని వెళ్లేసరికి, అటవీ శాఖ వాచరు గురవయ్య అడ్డం నిలబడ్డాడు.

"పక్షి మాదండి. మా ఆఫీసరు గారి కాయితం లేందే ఈక కూడా కదల్దు. తమరు కోళ్లని చూసుకోండి."

"చచ్చినదానికి కాపలా ఏంటయ్యా?"

"బతికున్నదానికంటే చచ్చినదానికే ఎక్కువ సంజాయిషీ అడుగుతారండి బాబూ."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను ఖాళీగా వెనక్కి వచ్చాను. కాయితం రాలేదు. సుభాషిణికి జ్వరం వచ్చింది.

మనుషుల ఆసుపత్రి మా పక్కనే. అక్కడి డాక్టరమ్మ హిమజ మామూలు జ్వరమనుకుని మందిచ్చింది. పక్షుల సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. జ్వరం సంగతి ప్రకాశరావుకు ఎవరూ చెప్పలేదు. రెంటికీ మధ్య ఉన్నది ఒక పిట్టగోడ.

చివరికి ఆ గోడ మీంచి మహాలక్ష్మమ్మే కేక వేసింది. "అయ్యా, పశువుల డాక్టరు గారూ! ఆ పక్షులు డొక్కలెగరేసినట్టే మా పిల్లా ఎగరేస్తందండి. ఒక్కసారి వచ్చి చూద్దురూ!"

ప్రకాశరావు గోడ దూకాడు. గురవయ్య కాయితం మాట మర్చిపోయి, చేతులకు తొడుగులేసుకుని ఒక పక్షిని తెచ్చాడు. దాని కాలికి, ఎక్కడి పక్షో తెలియడానికి ఏదో దేశంవాళ్లు తొడిగిన నంబరు ఉంగరం ఉంది. మనిషి శాంపిలూ పక్షి శాంపిలూ ఒకే పెట్టెలో వెళ్లకూడదని రూలు. రెండో పెట్టె లేదు. విడివిడిగా సీలు వేసి రెండూ నాలోనే పెట్టారు. మూత పడ్డాక మహాలక్ష్మమ్మ పసుపు చేత్తో నన్ను నిమిరి, "వెళ్లిరా తల్లీ" అంది. ఎవరితో అందో నాకిప్పటికీ తెలియదు.

ల్యాబు రెంటిలోనూ ఒకే జబ్బు కనిపెట్టింది. ఉంగరం మీది నంబరు పట్టుకుని ఆ దేశాన్ని అడిగితే జవాబొచ్చింది. "అవును, ఎండాకాలంలో మా సరస్సు దగ్గరా ఇలాగే రాలాయి. అది మా పక్షుల శాఖ సంగతి కదా అని ఎవరికీ చెప్పలేదు."

అంటే అక్కడా ఒక పిట్టగోడ ఉందన్నమాట.

సరైన మందు వచ్చింది. పక్షులను తాకి జ్వరాన పడిన మిగతా ఆడవాళ్లు బతికారు. సుభాషిణి, ఆమె కడుపులోని బిడ్డ అప్పటికే లేరు.

ఇప్పుడు ఆ గోడ పడగొట్టి దారి వేశారు. పక్షులు బయలుదేరకముందే ఆ దేశం నుంచి కబురొస్తుంది. అది ప్రకాశరావుకు, హిమజకు, గురవయ్య ఆఫీసరుకు ఒకేసారి చేరుతుంది. చచ్చిన పక్షిని ఊళ్లో ఎవరూ తాకరు. మనుషులు ఇంత తెలివైనవాళ్లే, కాకపోతే ఎవరో ఒకరిని పోగొట్టుకున్నాకే ఆ తెలివి బయటికొస్తుంది.

స్టోరు గదిలో ఖాళీగా ఉన్నప్పుడు నా లోపల ఏదో డొక్కలెగరేస్తున్న చప్పుడు వినిపిస్తుంది. ఐసు ఉండదు, శాంపిలు ఉండదు. చప్పుడు ఉంటుంది. బ్లీచింగ్ నీళ్లతో ఎంత తోమినా మూత మీద పసుపు పోదు.

పోయినా మహాలక్ష్మమ్మ మళ్లీ రాస్తుంది. పక్షిని తాకనివ్వరు కాబట్టి, దాన్ని మోసుకెళ్లే నాకే బొట్టు పెట్టి, "వెళ్లిరా తల్లీ" అంటుంది. నేను వెళ్తాను, వస్తాను. జీపు ఆగగానే ఆమె పరుగున వచ్చి, నన్ను దించాక కూడా తలుపు వేయనివ్వదు. నా వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని చూస్తూ నిలబడుతుంది.