వీలు చూసుకొని రా

వనజాక్షి తల్లి చావుకు రాలేదు. ఇందులో వాదించడానికేమీ లేదు. తండ్రి గంగాధరం స్వయంగా ఫోన్ చేశాడు. ఆమె "సరే నాయనా" అంది. రాలేదు. మెట్టినూరు విడవలూరు నుంచి పుట్టినూరు మైపాడు ఎంత దూరమని? మనసుంటే నడిచైనా రావచ్చు. భార్య మస్తానమ్మను మట్టిలో పెట్టి, ఇంటికి తాళం వేసి, గడపకు అడ్డంగా ముళ్ళకంప పడేసిన మర్నాడు పొద్దున, మొదటి బస్సు దిగింది కూతురు. ఆయన ఆమెను వాకిట్లోనే ఆపి వెనక్కి పంపేశాడు.

వైశాఖంలో జరిగిందది. ధనిష్ఠలో పోయింది కాబట్టి ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలన్నాడు పంతులు. ఆ ఇంట్లో పొయ్యి వెలగకూడదు, దీపం పెట్టకూడదు, మనిషి పడుకోకూడదు. గంగాధరం రెండు పంచెలు, ఒక దుప్పటి తీసుకొని తమ్ముడు పెంచల్ వసారాలో చేరాడు. అరవై రెండేళ్ళ మనిషి. మరదలు పెట్టిన అన్నం తిని, వల బాగుచేసుకుంటూ, ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా అయిదు నెలలు గడిపాడు.

కార్తీకంలో ఇల్లు తెరవాలి. తెరిచిన రోజు మొదటి దీపం ఆ ఇంటి ఆడబిడ్డ పెట్టాలి. ఆ దీపం వనజాక్షి పెట్టదని, ఆమె బదులు పెంచల్ కోడలు బిందు పెడుతుందని ఆయన బంధువులందరికీ చెప్పేశాడు. ఆ మాట విని వనజాక్షి రెండుసార్లు కబురు పంపింది, దీపం నన్ను పెట్టనివ్వమని. ఆయన జవాబు పంపలేదు.

సరుగుడు తోపు పక్కన నీళ్ళాటల పార్కు ఒకటి ఉంది. అక్కడ ఏటా అక్టోబరు ఆఖరున దయ్యాల పండగ చేస్తారు. హాలోవీన్ అంటారు దాన్ని. నెల్లూరు నుంచి, కోవూరు నుంచి జనం కార్లేసుకొని వస్తారు, భయపడటానికి. పోయినేడాది దాకా రేకుల షెడ్డులో నడిచింది. ఈసారి నిజంగా పాడుబడిన ఇల్లు కావాలన్నారు పార్కువాళ్ళు. గంగాధరం ఇల్లు పార్కు గోడను ఆనుకొనే ఉంది. తాళంచెవి పెంచల్ దగ్గర ఉంది.

గంగాధరానికి ఈ సంగతి ఆట మొదలైన నాలుగో రోజున తెలిసింది.

"నా ఇల్లు దయ్యాలకిచ్చినావంట?" అన్నాడు తమ్ముడితో.

"పది దినాలే అన్నా. ఉత్తగా పడుండే ఇల్లే గదా."

"లోపల మనిషి అడుగు పెట్టకూడదని తెలవదా నీకు?"

"కాపరం ఉండకూడదన్నాడు పంతులు. చూసిపొయ్యేవోళ్ళ సంగతి ఏం చెప్పలా. వాళ్ళేమన్నా పొయ్యి ముట్టిస్తారా, పడుకుంటారా? అరస్తారు, పోతారు."

"అరిచేదానికా నా కొంప?"

"ఒక తూరి నువ్వే పొయ్యి చూడన్నా. గోడకు మేకు కూడా కొట్టలా. నాలుగ్గంటలకు మొదటి ఆట." పెంచల్ కాస్త ఆగాడు. "లోపల..."

"ఏంది లోపల?"

"ఏం లేదు. నువ్వే చూస్తావు పో."

గంగాధరం తాళం వేయించడానికే వెళ్ళాడు. ఎండ ఇంకా చురుక్కుమంటోంది. ఇంటి ముందు బోర్డు పెట్టారు. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివిన మనిషి, కూడబలుక్కొని చదివాడు. 'దయ్యాల కొంప. గుండె గట్టిగా ఉన్నవాళ్ళే రండి.' గడప దగ్గర తాను పడేసిన ముళ్ళకంప అట్లాగే ఉంది. దానికి ఎర్ర రంగు పూసి పక్కకు జరిపారు, అంతే.

వాకిట్లో అయిదుగురు నిలబడి ఉన్నారు. కోవూరు నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు, వాళ్ళతో వచ్చిన ముగ్గురు స్నేహితులు. లోపలికి ఆరుగురిని పంపడం అక్కడి పద్ధతి. వాచ్‌మన్ గంగాధరాన్ని ఎగాదిగా చూశాడు.

"పెంచలన్న చెప్పినాడు పెద్దాయనా. దూరు. ఆరోవోడివి నువ్వే."

"నేను చూసేదానికి రాలా. మీ పెద్దసారును పిలువు."

"సారు ఆరుగంటలకు గానీ రాడు. లోపల తాడు పట్టుకో, విడిస్తే పడతావు."

మొగుడి పేరు హరినాథ్. అతను భార్య చెవిలో అన్నది గంగాధరానికి వినపడింది.

"భానూ, ఈ ముసలాయన వీళ్ళ మనిషేనే. మధ్యలో మన మీదకు ఎగబడతాడు చూడు. మేకప్ ఎంత బాగేసినారో."

"ఊరుకోండి, వింటాడు," అంది భానుప్రియ.

"వినాలనే చెప్తా ఉండా. తాతా, నా జోలికి రావాకు. నేను తన్నేస్తా."

గంగాధరం తాడు పట్టుకోలేదు. తన ఇంట్లో తాడు పట్టుకొని నడిచే అవసరం ఆయనకు లేదు.

ముందు గదిలో కిటికీలకు నల్లగుడ్డ కట్టి ఎర్ర బల్బు పెట్టారు. పొగ వదిలారు. పైనుంచి ఏదో తలలకు తగిలింది. ఆడపిల్ల ఒకతె కెవ్వుమంది. అది సాలెగూడనుకుంది ఆమె. అటక మీద వదిలేసిన తన పాత వల అది. గంగాధరం దాన్ని చేత్తో పక్కకు తీశాడు. మూలనుంచి ప్లాస్టిక్ పుర్రె పళ్ళికిలించింది. మస్తానమ్మ చేపల తట్ట బోర్లించి దాని మీద ఆ పుర్రెను కూర్చోబెట్టారు. ఎక్కడో మిషను నవ్వు. హరినాథ్ కూడా దానితో పోటీగా నవ్వాడు.

వంటింటి గడప దగ్గర నల్ల ముసుగు వాడొకడు వాళ్ళ మీదకు దూకాడు. అయిదుగురూ ఒకరి మీద ఒకరు పడ్డారు. గంగాధరం కదలకపోయేసరికి ముసుగువాడికి ఏం చెయ్యాలో తోచలేదు.

"పక్కకు జరుగు," అన్నాడు గంగాధరం. వాడు జరిగాడు.

ఆ తరువాతది వెనకగది. మస్తానమ్మ పోయిన గది.

అక్కడ బల్బు కూడా లేదు. ఒక పక్క నులకమంచం, దాని మీద తెల్లచీరలో ఎవరో కూర్చున్నట్టు మసగ్గా తెలుస్తోంది. జుట్టు విరబోసుకొని ఉంది. ఎక్కడో దాచిన స్పీకరులోంచి ఊపిరి వినపడుతోంది. పిల్లికూతలు పెడుతూ, ఈడ్చి ఈడ్చి తీసే ఊపిరి. వచ్చినవాళ్ళు గోడకు అతుక్కుపోయారు. గంగాధరానికి భయం కలగలేదు. ముప్పై ఏళ్ళు విన్న ఊపిరి అది. ఉబ్బసం ఎక్కువైన రోజుల్లో మస్తానమ్మ ఇదే మంచం మీద కూర్చొని తెల్లార్లూ అట్లాగే లాగేది. ఆమె ఊపిరి చివరన వచ్చే చిన్న దగ్గు మాత్రం ఈ మిషనుకు తెలియదు.

మంచం మీది ఆకారం తల ఎత్తింది. ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది, ఫోను పట్టుకున్నట్టు.

"అమ్మకు నలతగా ఉండాది," అంది గొంతు మార్చి. "వీలు చూసుకొని రా."

హరినాథ్ పక్కున నవ్వాడు.

"ఓరి నీ! దయ్యం గూడా నెల్లూరు మాదిరే మాట్లాడతా ఉండాదే! వీలు చూసుకొని వస్తాం లేమ్మా, ఈ వారం డ్యూటీ ఉండాది!"

"నవ్వబాకండి," అంది భానుప్రియ. "మా నాయనప్పుడు గూడా ఇట్టే చెప్పినారు. కొంచెం బాగలేదు, రమ్మని. బస్సులో ఇడ్లీ తిన్నా నేను. దిగి చూస్తే వాకిట్లో పడుకోబెట్టి ఉండారు."

హరినాథ్ నవ్వు ఆపేశాడు. మంచం మీది ఆకారం మళ్ళీ అంది. "వీలు చూసుకొని రా."

మిషను ఊపిరి ఇంకా గట్టిగా లాగింది. అప్పుడు గంగాధరం ఒక పని చేశాడు. ఆలోచించి చేసింది కాదు. ఆ ఊపిరి వినపడితే ముప్పై ఏళ్ళుగా ఆయన చెయ్యి ఎటు పోయేదో అటే పోయింది. మంచం తలాపున ఉన్న కిటికీ మీది నల్లగుడ్డ పీకి, గడియ లాగి రెక్కలు తెరిచాడు. సముద్రపు గాలి, నాలుగ్గంటల ఎండ ఒక్కసారిగా లోపల పడ్డాయి.

"అబ్బా, పెద్దాయనా! మొత్తం చెడగొట్టినావు," అన్నారెవరో.

మంచం మీద వనజాక్షి కూర్చొని ఉంది. ముఖానికి తెల్లటి పూత, కళ్ళ కింద కాటుక కరిగిన చారలు. తండ్రిని చూసి లేచి నిలబడింది.

భానుప్రియ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తక్కినవాళ్ళను నెట్టుకుంటూ బయటికి తీసుకుపోయింది.

"నువ్వా?" అన్నాడు గంగాధరం.

"నేనే నాయనా."

"సిగ్గులేదా నీకు? తల్లి పొయ్యిన గదిలో యేషం కడతావా?"

"ఈ గదిలో కూర్చునేదానికి నాకు ఇంకో దారి యాడుండాది? తలుపు నువ్వు మూసినావు. వీళ్ళు తెరిచినారు. చిన్నాయన్ని నేనే అడిగినా, ఈ పని ఇప్పించమని. నాలుగు దినాలుగా పొద్దుగూకేదాకా అమ్మ మంచం మీద కూర్చుంటా ఉండా."

"ఆ మాట చెప్పమని ఎవురు నేర్పినారు?"

"ఎవురూ నేర్పలా. 'రా, రా' అని పిలవమన్నారు. నాకొచ్చిన పిలుపు అదొకటే. అదే చెప్తా ఉండా."

"సావు కబురు అట్టనే చెప్తారు. ఎవురైనా అట్టనే చెప్తారు."

"తెలుసు నాయనా. మా అత్త పోతే ఆమె కూతుర్లకు నేనే చెప్పినా, నలతగా ఉండాది, ఉన్నపళంగా రాండి అని. కానీ అమ్మకు నలత లేని దినం ఏది? నెలకు రెండు తూర్లు అదే ఫోను చేసేవోడివి. నలతగా ఉండాది, మందులు తీసుకొని రా. నలతగా ఉండాది, వచ్చి రెండు దినాలు ఉండి పో. ఆ దినం మా గుంటలో రొయ్యలు పడతా ఉండారు. 'రా' అనుంటే గుంట వొదిలేసి వచ్చుందును. వీలు చూసుకొని అన్నావు. నాకు వీలు లేకపాయ."

ఆమె ఏడవలేదు. అలిసిపోయిన మనిషిలా చెప్పింది, చెప్పి చెప్పి అరిగిపోయిన మాటను ఇంకోసారి చెప్పినట్టు.

గంగాధరానికి ఆ ఫోను గుర్తుంది. నంబరు నొక్కుతుంటే పక్కన అక్క వెంకటశేషమ్మ నిలబడి ఉంది. గాబరా పెట్టొద్దురా, బిడ్డ బండెక్కి దారిలో ఎక్కడన్నా పడుతుందేమో అంది. అందుకని ఆయనే ఆ మాట కలిపాడు. వీలు చూసుకొని. బిడ్డ మీద జాలితో కలిపిన మాట. ఇన్నాళ్ళూ అది మరిచిపోయాడు. మరిచిపోయాడనడం కూడా నిజం కాదు. ఊరిలో చెప్పుకున్నప్పుడల్లా ఫోన్ చేశానని చెప్పాడు, ఆమె సరేనందని చెప్పాడు, 'వీలు చూసుకొని' అన్న రెండు మాటలు మాత్రం వదిలేసి చెప్పాడు.

"మేనత్తకు, చిన్నాయనకు ఈ సంగతి చెప్పు నాయనా," అంది వనజాక్షి. "నేను చెప్తే ఎవురూ నమ్మరు. నువ్వు చెప్పు. నాకింకేం వొద్దు."

వంటింట్లోంచి ముసుగువాడు తొంగి చూశాడు. "అక్కా, ఇంకో ఆరుగురు వస్తా ఉండారు. ఆ కిటికీ మూసుకో."

గంగాధరం కిటికీ వైపు చూశాడు. మూయలేదు. వెనక తలుపు తీసుకొని తోపులోకి నడిచాడు. తోపు అంచున భానుప్రియ ఇసుకలో కూర్చొని ముక్కు తుడుచుకుంటోంది, హరినాథ్ నీళ్ళ సీసా పట్టుకొని నిలబడ్డాడు. "తాతా, సారీ," అన్నాడు. గంగాధరం ఆగలేదు. ఆరుగంటల దాకా ఉండి సారుతో పోట్లాడాలనుకున్నవాడు తమ్ముడి ఇంటికి పోయి వసారాలో పడుకున్నాడు. పెంచల్ పలకరిస్తే అటు తిరిగాడు.

పార్కువాళ్ళు నవంబరు మొదట్లో సామాను సర్దుకుపోయారు. కార్తీకం చివరి సోమవారం పొద్దున తలుపు తీసి ఇల్లు కడిగారు. పంతులు శాంతి చేయించాడు. బంధువులు ఇరవై మంది దాకా వచ్చారు. వనజాక్షి కూడా వచ్చింది. పిలవకుండానే వచ్చి వాకిట్లో నిలబడింది. బిందు ప్రమిదలో నూనె పోసి, వత్తి వేసి, అగ్గిపెట్టె కోసం చెయ్యి చాపింది. అగ్గిపెట్టె గంగాధరం దగ్గర ఉంది. ఆయన బిందును దాటి వాకిట్లోకి వెళ్ళి దాన్ని వనజాక్షి చేతిలో పెట్టాడు.

"ఇదేందిరా?" అంది వెంకటశేషమ్మ. "తల్లి సావుకు రానిదాని చేత దీపమా? నువ్వే గదా ఊరంతా చెప్పినావు?"

"చెప్పినా."

"మరి?"

అందరూ ఆయన వైపు చూశారు. వనజాక్షి కూడా చూసింది. అగ్గిపుల్ల పెట్టె మీద ఆనించి, గీయకుండా పట్టుకొని నిలబడింది. ఆమెకు కావలసింది దీపం కాదు, ఆ ఫోను మాట ఆయన నోట రావడం. అది ఆయనకూ తెలుసు. నోరు తెరిచి రెండు ముక్కలు అంటే అయిపోతుంది. ఊపిరి తీసుకున్నాడు కూడా.

"కానీ మే," అన్నాడు కూతురితో. "ఎండెక్కతా ఉండాది."

ఆమె ఇంకాసేపు చూసింది. తరువాత లోపలికి వెళ్ళి పుల్ల గీసి దీపం పెట్టింది.

అన్నాల దగ్గర వెంకటశేషమ్మ మళ్ళీ అడిగింది. అసలేం జరిగింది, ఎందుకు మనసు మార్చుకున్నావు అని. గంగాధరం విస్తరి మడిచి లేచాడు.

"ఆ సంగతి ఇంక నా కాడ ఎత్తబాకక్కా. వొచ్చిందనీ చెప్పను, రాలేదనీ చెప్పను. నేను పొయ్యేదాకా ఆ మాట నా నోట రాదు."

వనజాక్షి విస్తళ్ళు ఎత్తుతూ విన్నది. ఆయన మడిచిన విస్తరి కూడా ఎత్తింది.