మొదటి గుటక

కమలాకర్ గారి భక్తి ఎంతో మనం చెప్పలేం గానీ, చర్చిలో ఏ చివర మోకరించాలో మాత్రం ఆయనకు బాగా తెలుసు. ఎనిమిది నెలల్లో ఒకటి రెండు ఆదివారాలు తప్ప పొరపాటు పడలేదు. మిగతా అన్నిసార్లూ కుడివైపే.

జర్మనీలో డార్మ్‌స్టాట్‌లోని సెయింట్ మార్తా ఎపిస్కోపల్ చర్చికి సొంత కట్టడం లేదు. లూథరన్ వాళ్ల గుడిని అడిగి తీసుకుని, వాళ్ల ఆరాధన అయ్యాక మధ్యాహ్నం మూడింటికి ఇంగ్లీషులో ఆరాధన జరుపుకుంటారు. మొత్తం కలిపి నలభై మంది. పాస్టరమ్మ పేరు హెలెన్, అమెరికా ఆవిడ. పాస్టరమ్మంటే మన దగ్గరలా పాస్టరు గారి భార్య కాదు, ఆవిడే పాస్టరు. ప్రభు భోజనం వేళ అందరూ ముందుకొచ్చి చెక్క కమ్మీ దగ్గర వరసగా మోకరిస్తారు. హెలెన్ రొట్టె ఇస్తూ ముందు నడుస్తుంది. వెనకాల ద్రాక్షారసం గిన్నెలు రెండు వస్తాయి. కుడి సగానికి డీటర్ అనే డెబ్బై ఏళ్ల జర్మన్ పెద్దాయన, ఎడమ సగానికి ప్రవీణ. ఒకే గిన్నెకు అందరూ పెదవి ఆనించి తాగుతారు. వద్దనుకున్నవాళ్లు చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుంటే గిన్నె వాళ్లను దాటిపోతుంది.

ప్రవీణ ఇక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తోంది. కమలాకర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చర్చికి వచ్చిన మొదటి ఆదివారం ఆయన ఎడమవైపే మోకరించాడు, ప్రవీణ చేతి గిన్నెలోనే తాగాడు. ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర నవ్వుతూ వచ్చాడు.

"వందనాలు సిస్టర్. మనవాళ్లు కనబడితే ప్రాణం లేచొచ్చినట్టుంది. ఏ ఊరమ్మా మీది?"

ఊరు చెప్పింది. తెనాలి అవతల.

"అరె, మా మేనత్త వాళ్లది పక్కూరే. ఊళ్లో ఎక్కడ?"

"చర్చి పక్కనేనండి."

"ఏ చర్చి? మీ ఊళ్లో రెండున్నాయి కదా. బస్టాండు దగ్గరదా, కాలవ అవతలదా?"

"కాలవ అవతలదండి."

"ఓహో," అన్నాడు కమలాకర్. కాఫీ సగంలో వదిలేసి, భార్య శ్రీవల్లి ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

కాలవ అవతలది మాదిగపల్లె. ఒక్క దేవుడికి ఒకే ఊళ్లో రెండు చర్చిలెందుకని ఇన్నేళ్లలో ఏ పాస్టరయ్యగారూ అడిగిన పాపాన పోలేదు. ఆ 'ఓహో' ప్రవీణకు చిన్నప్పటినుంచీ తెలుసు. దాన్ని తప్పించుకోవడానికే విమానమెక్కిందని కాదు గానీ, అది కూడా వీసా తీసుకుని వెనకాలే వస్తుందని మాత్రం అనుకోలేదు.

మరుసటి ఆదివారం ఆయన కుడివైపుకు జరిగాడు. ఒకసారి జనం ఎక్కువై ఎడమవైపు ఇరుక్కుపోతే, ప్రవీణ దగ్గరికి వచ్చేసరికి చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "కరోనా తర్వాత చాలామందికి భయం," అంది హెలెన్ జాలిగా. మరి డీటర్ గిన్నెకు లేని కరోనా తన గిన్నెకే ఎందుకు వచ్చిందో ప్రవీణ అడగలేదు. ఊరుకున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

ఎందుకంటే ఆ గిన్నె ఆమెకు ఊరికే రాలేదు. రెండేళ్ల కిందట హెలెన్ అడిగినప్పుడు "నేనా?" అని వెనక్కి జరిగింది. ఊళ్లో వాళ్లమ్మ మంగ ఇరవయ్యేళ్లు చర్చి ఊడ్చింది, బల్ల మీది తెల్లగుడ్డ ఉతికింది, గిన్నెను మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు. గిన్నె అయ్యగారి చేతిలోనే ఉండాలి. అలాంటిది గిన్నె పట్టిన మొదటి ఆదివారం ప్రవీణ కార్పెట్ మీద రెండు చుక్కలు ఒలికించింది. అప్పటిదాకా ఆమె ప్రార్థనంటే ఒక చిట్టా. పరీక్ష పాసవ్వాలి, వీసా రావాలి, పార్ట్‌టైమ్ పని దొరకాలి. గిన్నె పట్టుకున్నాక మనుషుల మొహాలు కనబడ్డాయి. నైట్‌డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నైజీరియా నర్సు పగిలిన పెదవులు, భర్త పోయిన ముసలావిడ వణికే గడ్డం. ఒక్కొక్కరి ముందూ వంగి "క్రీస్తు రక్తం" అంటుంటే, ఏమీ అడగకుండా ప్రార్థించడం ఆమెకు మొదటిసారి చేతనైంది. అది పోతే తనకిక్కడ మిగిలేది ట్రామూ, లైబ్రరీ, అద్దె గదీ.

పెంతెకొస్తు పండగకు పది రోజుల ముందు హెలెన్ పిలిచింది.

"మంచి వార్త. కమలాకర్ ఆరు తెలుగు కుటుంబాలను తీసుకొస్తానంటున్నారు. మనకు మనుషులు ఎంత అవసరమో నీకు తెలుసు కదా. పండగ నుంచి వంటగది నువ్వు చూసుకుంటే బాగుంటుందన్నారు. గిన్నెకు వేరే ఎవరినైనా పెడదాం. నీ బిర్యానీ అద్భుతమట!"

తన చేతి మంచినీళ్లు కూడా ముట్టని మనిషి బిర్యానీ రుచి ఎలా చెప్పాడో! ప్రవీణకు కడుపు మండిపోయింది. ఆ మంటలో భయం కూడా కాలిపోయినట్టుంది, మొత్తం చెప్పేసింది. కాలవ, రెండు చర్చిలు, ఓహో, కుడివైపు, అడ్డం పెట్టుకున్న చేతులు. ఇంగ్లీషులో చెబుతుంటే అదంతా ఇంకా సిగ్గుమాలినదిగా వినబడింది. సిగ్గు తనది కాదని కూడా అప్పుడే తెలిసింది.

హెలెన్ మొహం ఎర్రబడింది. "నాకు తెలియలేదు. క్షమించు. ఆయన్ని పిలిచి మాట్లాడతాను."

"మాట్లాడండి. కానీ ఆయన మారితేనే నా చేతిలో గిన్నె ఉండాలన్న షరతు నాకొద్దు. మారినా మారకపోయినా ఎడమవైపు నేనే ఉంటాను."

"ఆ కుటుంబాలు రాకపోతే?"

"ఉన్న నలభైమందిమే ఇంకాస్త గట్టిగా పాడదాం."

ఫోన్లో విని మంగ కంగారుపడింది. "ఎందుకే తల్లీ పరాయి దేశంలో గొడవ? పక్కకు తప్పుకుంటే పోయిందేముంది?"

"నువ్వు తప్పుకున్నావుగా అమ్మా ఇరవయ్యేళ్లు. ఏం వచ్చింది?" అంది ప్రవీణ. "సరే అయితే. పండగ రోజు నేనిచ్చిన తెల్లచీర కట్టుకో," అంది మంగ చివరికి.

ఆరు కుటుంబాలూ వచ్చాయి. హెలెన్ మాట్లాడితే కమలాకర్ "ఛఛ, అలాంటిదేం లేదు, అపార్థం" అన్నాడట. అని, ఆ ఆరు కుటుంబాలనూ వరసగా కుడివైపు బెంచీల్లోనే కూర్చోబెట్టాడు.

ఆరాధనకు ముందు, పక్కగదిలో డీటర్ గిన్నెలు తుడుస్తూ అన్నాడు, "ఎప్పటిలాగే కదా? ముందు నా గిన్నెలోంచి నీకిస్తాను, తర్వాత నీ గిన్నెలోంచి నాకివ్వు. తర్వాత జనం దగ్గరికి."

ప్రవీణ చేతిలో గుడ్డ ఆగిపోయింది. రెండేళ్లుగా ప్రతి వారం చేస్తున్న పనే, ఎన్నడూ ఇలా ఆలోచించలేదు. గిన్నెలు పట్టేవాళ్లు ముందు ఒకరికొకరు ఇచ్చుకుంటారు. బల్ల వెనక, జనానికి వీపు పెట్టి. ఆమె పగలబడి నవ్వింది. డీటర్ తనూ నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.

ఆమె నేరుగా హెలెన్ దగ్గరికి వెళ్లింది. "ఇవాళ మేమిద్దరం బల్ల ముందు నిలబడి తీసుకుంటాం. జనం వైపు తిరిగి."

హెలెన్ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. "అలాగే," అంది.

సమయం వచ్చింది. తెల్లచీరలో ప్రవీణ మెట్టు మీద నిలబడింది. డీటర్ తన గిన్నె ఆమె పెదవులకు అందించాడు. దాచుకోకుండా, తొందరపడకుండా ఒక గుటక తాగింది. తర్వాత తన గిన్నె ఆయనకు అందించింది. అంచు తుడిచి డీటర్ కుడివైపుకు కదిలాడు.

కుడివైపు మోకరించి తల పైకెత్తి చూస్తున్న కమలాకర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. గిన్నె దగ్గరికి వచ్చింది. ఆయన చేతులు మెల్లగా గుండెల మీదికి లేచాయి. డీటర్ దాటిపోయాడు. పక్కనున్న శ్రీవల్లి భర్త చేతుల వైపు చూసింది, తర్వాత గిన్నె వైపు చూసింది. రెండు చేతులతో గిన్నె అడుగు పట్టుకుని తాగింది. ఆమె తర్వాత వచ్చిన తెలుగువాళ్లలో కొందరు తాగారు, కొందరు చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఎవరేమిటో ఆ రోజు చర్చి మొత్తానికి కనబడింది.

ఆరాధన ముగిశాక ప్రవీణ పక్కగదిలో ఉండగా కమలాకర్ వచ్చి గుమ్మంలో ఆగాడు. గొంతు తగ్గించాడు.

"ఏంటమ్మా, ఇవాళ ఇదేదో కొత్త పద్ధతి పెట్టారే?"

"పద్ధతి పాతదేనండి. ఇవాళ మీకు కనబడింది, అంతే."

"అంటే... ఎప్పట్నుంచీ?"

"మీరు రాకముందు నుంచీ. ఏ వారమైనా డీటర్ గారి గిన్నెలో మొదటి గుటక నాదే. నేను దాన్ని ప్రభువు రక్తం అంటాను. మీ లెక్కలో అయితే అది నా ఎంగిలి. ఎనిమిది నెలలు కుడివైపుకు జరిగి జరిగి తాగింది అదే బ్రదర్."



మిగిలిన ద్రాక్షారసం పారబోయకూడదు, గిన్నె పట్టినవాళ్లే తాగాలి. ప్రవీణ రెండు గిన్నెల్లోదీ ఒకదాంట్లోకి వంచింది. నర్సుదీ, ముసలావిడదీ, శ్రీవల్లిదీ, ఊరూ పేరూ తెలియని అందరి పెదవులూ తగిలిన ఆ చివరి గుటకను ఆయన చూస్తుండగానే పూర్తిగా తాగేసింది.

"నేనెవరినీ ఏ ఊరని అడగను," అంది గిన్నె కడుగుతూ. "వచ్చే ఆదివారం కూడా మూడింటికే. ఎడమవైపు నేనే ఉంటాను."