తప్పు నెలలో పూసే షీటు

పొద్దున తొమ్మిదింటికి ఎండుమొక్కల గది తాళం తీయగానే పిన్ని చేసే మొదటి పని నేల ఊడవడం. రాలిన పూలన్నీ బీరువాల కింద పడి ఉంటాయి. ఆ అటవీ పరిశోధన కేంద్రంలో, అడవిలోంచి తెచ్చిన కొమ్మల్ని అదిమి, ఎండబెట్టి, దళసరి కాగితం మీద అతికించి, పక్కన లేబుల్ పెట్టి ఇనుప బీరువాల్లో దాస్తారు. ఒక్కో కాగితాన్ని షీటు అంటారు. అలాంటివి పన్నెండు వేలున్నాయి. ఏ మొక్క అడవిలో ఏ నెలలో పూస్తుందో, బీరువాలోని షీటు మీద కూడా సరిగ్గా ఆ నెలలోనే పూస్తుంది. పూలు మూడు రోజులుండి రాలిపోతాయి. తేనెటీగలు రాకుండా కిటికీలకి వల కట్టాలి. ఎప్పుడైనా కాయ పడితే పండేదాకా తెంపకూడదు. ఇవన్నీ కొత్తగా చేరినవాళ్ల చేతికిచ్చే నియమాల కాగితంలో, గొడుగులు బయట పెట్టాలి అన్నదానికీ గదిలో ఏమీ తినకూడదు అన్నదానికీ మధ్య రాసి ఉంటాయి.

షీట్లు అతికించే ఆవిడ డైరెక్టరు దగ్గర్నుంచి తోటమాలి దాకా అందరికీ పిన్నే. చేరి ముప్పై మూడేళ్లయింది. ఇంకో పది రోజుల్లో రిటైరవుతుంది. డైరెక్టరు అప్పుడే వీడ్కోలు ప్రసంగం రాసుకుని, వరండాలో అటూ ఇటూ తిరుగుతూ బట్టీ పడుతున్నాడు. "ముప్పై మూడేళ్లు, పన్నెండు వేల షీట్లు, ఒక్క తప్పు లేదు." ఆ మాట చెవిన పడినప్పుడల్లా, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పిన్ని చీపురు తీసుకుని ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చేది.

ఎందుకంటే ఒక తప్పుంది. చేరిన మొదటి నెలలోనే జరిగింది. ఒక మధ్యాహ్నం ఫ్యాను గాలికి రెండు షీట్ల మీద లేబుళ్లు, జిగురు ఇంకా ఆరకముందే ఎగిరిపోయాయి. ఒకటి ఏ దారి పక్కన చూసినా కనిపించే పొద. ఇంకొకటి అడవిలో ఎక్కడో గానీ దొరకని చెట్టు. ఆకులు చూస్తే రెండూ అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి. అడగడానికి మొహమాటపడి, ఇదే అయ్యుంటుందిలే అని అతికించేసింది. పొద వానల్లో పూయాలి. ఆ ఏడు పొద అని రాసి ఉన్న షీటు చలికాలంలో పూసింది. లేబుళ్లు తారుమారయ్యాయని పిన్నికి చూడగానే అర్థమైంది. కానీ అదే వారం, లేబుల్ వంకరగా అతికించిన పాపానికి తోటి ఉద్యోగిని అప్పటి పెద్దాఫీసరు అందరి ముందూ ఏడిపించాడు. పిన్ని తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది. అప్పట్నుంచీ ఏటా చలికాలంలో ఆ మూడు రోజులూ ఆ షీటుని ఖాకీ కాగితంలో చుట్టి అడుగు అరలో పెట్టేది.

రెండో షీటు మాత్రం అందరి కళ్లలోనూ పడింది. అరుదైన చెట్టని రాసి ఉండి, దారిపక్క పొదలా వానల్లో పూస్తోంది. దాంతో దాని మీద ఎవరో "సేకరించినవాడి పొరపాటు" అని రాశారు. సేకరించింది చెట్లెక్కడంలో ఆరితేరిన ముసలాయన. చేతులు గీరుకుపోయి, రక్తం కారుతుండగా ఆ అరుదైన చెట్టు కొమ్మే తెచ్చి పిన్ని బల్ల మీదే పెట్టాడు. ఆ మాట రాసేనాటికి ఆయన పోయాడు. తనది కాని తప్పు ఆయన నెత్తిన పడింది. అది తల్చుకుంటే పిన్నికి అన్నం సయించేది కాదు. మళ్లీ తనే సర్దిచెప్పుకునేది, కాగితం మీది కొమ్మతో అడవికేం పనిలే అని.

ఆ చలికాలం ఒక మధ్యాహ్నం, తడిగుడ్డలో చుట్టిన పూలకొమ్మతో పరిశోధకురాలు వచ్చింది. నలభై ఏళ్ల మనిషి. ఊరికి అవతల లోయలో ఆ అరుదైన చెట్టు ఒక్కటంటే ఒక్కటి మిగిలితే, పదకొండేళ్లుగా దాన్ని కనిపెట్టుకుని ఉంది.

"దీన్ని జాగ్రత్తగా అతికించండి పిన్నీ. ఇలాంటి చెట్టొకటి ఉండేదని రేపు ఎవరైనా చూస్తారు."

"ఉండేదనడమేంటి? ఉందిగా?"

"వచ్చే వారం కమిటీ కూర్చుంటుంది. చెట్టు ఒక్కటే, అదీ మగది. ఇక వంశం లేదు కాబట్టి లోయని రక్షిత జాబితాలోంచి తీసేస్తారట. ఈ చెట్టు పేరు చెప్పుకునే అక్కడ మిగతావన్నీ బతుకుతున్నాయి. తొర్రల్లో గబ్బిలాలు, మొదట్లో కప్పలు, నాచు, పుట్టగొడుగులు. రెండొందల పద్నాలుగు రకాలు నేనే లెక్కపెట్టాను. రోడ్డు పడితే అన్నీ పోతాయి."

"మగదని ఎలా తెలిసింది అమ్మాయీ?"

ఆవిడ పువ్వొకటి తుంచి అరచేతిలో దులిపింది. "ఈ పసుప్పచ్చ పొడి మగపూలకే ఉంటుంది. ఆడపూలలో ఇది ఉండదు, నడిమధ్య ఆకుపచ్చటి చిన్న గిన్నె ఉంటుంది. కాయ పట్టేది అందులోనే."

పిన్ని బీరువా కేసి చూసింది. అడుగు అరలో ఖాకీ కాగితం కింద షీటు పూసి అది రెండో రోజు. దాని పూలకి పొడి లేదు. నడిమధ్య ఆకుపచ్చటి చిన్న గిన్నె ఉంది. ముప్పై మూడేళ్లుగా చూస్తూనే ఉంది.

"కొమ్మని ఇవాళే అదమను. నీళ్లలో పెడతాను" అంది.

సాయంత్రం ఇంట్లో మొగుడు కూరగాయలు తరుగుతుంటే, గుమ్మానికి ఆనుకుని కూర్చుని సంగతంతా చెప్పింది. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రెండేళ్ల క్రితం దిగిపోయాడు. చివరిదాకా విని కత్తి పక్కన పెట్టాడు.

"ముప్పై మూడేళ్లు నా దగ్గర కూడా దాచావన్నమాట."

"మీకు చెబితే బస్సులో అందరికీ చెప్పినట్టే కదండీ."

"అదీ నిజమే. చూడు, రూటు తప్పాక తిప్పుకోవడానికి చోటు దొరికితే బండి తిప్పుకోవాలి. కొత్త ఊరు చూపిస్తున్నానని జనాన్ని మభ్యపెడుతూ పోకూడదు."

"పదిరోజుల్లో నన్ను మెచ్చుకుంటూ మాట్లాడబోతున్నారు. ఆ ఒక్క మాట కోసమే అన్నేళ్లు పడి ఉన్నాననిపిస్తోంది."

"మాట్లాడితే ఎంతసేపు మాట్లాడతారు? పావుగంట" అని ఆయన మళ్లీ కత్తి అందుకున్నాడు.

మర్నాడు పొద్దున పిన్ని ఆ పరిశోధకురాల్ని పిలిపించి, ఖాకీ కాగితం విప్పి, ఫ్యాను గాలితో మొదలుపెట్టి ఏదీ దాచకుండా చెప్పింది. ఆవిడ పూలకేసి చూసింది. తర్వాత కిటికీ దగ్గరకెళ్లి, వలకి నుదురు ఆనించింది.

"పదకొండేళ్లు" అంది. "పదకొండేళ్లుగా ఈ గదికి వస్తూ పోతూ ఉన్నాను."

"తిట్టు అమ్మాయీ. పడతాను."

"తర్వాత తీరిగ్గా తిడతాను పిన్నీ. సాయంత్రానికి ఇవి రాలిపోతాయి. సన్న కుంచె ఏదైనా ఉందా?"

జిగురు రాసే కుంచెని పిన్ని మూడుసార్లు కడిగి ఆరబెట్టింది. పరిశోధకురాలు దాన్ని తిరిగి ఆవిడ చేతికే ఇచ్చింది. పిన్ని చేతులకి కాగితం మీద పని కొత్త కాదు. నీళ్లలో పెట్టిన కొమ్మ మీది పొడిని కుంచెతో తీసి, షీటు మీది తొమ్మిది పూలకీ తనే అద్దింది. సాయంత్రం రెండు రాలాయి. మిగతా ఏడూ కొమ్మనే అంటిపెట్టుకున్నాయి. మూడో రోజుకి ఏడు గిన్నెలూ బఠాణీ గింజంత ఉబ్బాయి.

ఆ గది పద్ధతి ప్రకారం పాత లేబుల్ పీకకూడదు. పక్కన సవరణ చీటీ అతికించాలి. పిన్ని రెండు షీట్లకీ చీటీలు తనే రాసింది. "సేకరించినవారు సరిగ్గానే గుర్తించారు. లేబుల్ మార్చి అతికించినది నేను." కింద తన పూర్తి పేరు, తారీఖు వేసింది. డైరెక్టరు చదివి కళ్లజోడు తీశాడు.

"ప్రసంగమంతా బట్టీ పట్టాను పిన్నీ. ఇప్పుడు మొదట్నుంచీ మార్చుకోవాలి" అన్నాడు.

కమిటీ బల్ల మీద పరిశోధకురాలు ఆ షీటు పరిచింది. ఎండిన ఆకుల మధ్య ఏడు పచ్చి కాయలున్నాయి. అధ్యక్షుడు కలం మొనతో ఒక్కోటీ లెక్కపెట్టి, ఇవి పండుతాయా అని అడిగాడు. పండుతాయని చెప్పింది. లోయ జాబితాలోనే ఉండాలని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు. వీడ్కోలు రోజున డైరెక్టరు "ముప్పై మూడేళ్లు, పన్నెండు వేల షీట్లు, ఒకే ఒక్క తప్పు" అన్నాడు. అందరూ గట్టిగా చప్పట్లు కొట్టారు. పిన్ని తలెత్తుకుని విన్నది. ఆ రోజు ఆవిడకి నిజంగా సంతోషంగా ఉంది.

వానలు తగ్గాక పరిశోధకురాలు పిన్నినీ ఆవిడ మొగుణ్ణీ లోయకి తీసుకెళ్లింది. ఆ చెట్టుని నేల మీద నిలబడి ఉండగా చూడటం పిన్నికి అదే మొదలు. అది మూరెడు కొమ్మగానే తెలుసు. పైకి చూసి చూసి మెడ నొప్పెట్టింది. "ఇంత పొడుగుంటుందా ఇది" అంది.

షీటు మీద పండిన కాయల్లోంచి తీసి చెట్టు చుట్టూ పాతిన గింజల్లో ఆరు మొలకెత్తాయి. పిన్ని ఒక్కో మొలక దగ్గరా చతికిలబడి, ఆకు మీది మట్టి వేలితో తుడిచింది.

"వీటిలో ఆడవెన్ని అమ్మాయీ?"

"పూస్తే గానీ తెలీదు పిన్నీ. పదిహేనేళ్లు పడుతుంది."

పిన్ని వేళ్ల మీద లెక్కేసుకుంది. అప్పటికి తనకి డెబ్బై అయిదు.

"సరేలే, ఆగుతాను" అంది.